ఎనిమిదో పొర తారుముద్ద

చిప్పలు ఎడమకి, ఎముకలు కుడికి, బొగ్గు పైకి, రాళ్లు కిందికి. ఈ నాలుగింటిలో దేనిలోనూ చేరనివి పళ్లెం మధ్యలోకి. నికనోర్ రుయెలాస్ బల్ల మీదికి వంగి, సన్న పట్టుకారుతో ఒక్కో ముక్కనూ దాని చోటికి జరుపుతున్నాడు. పళ్లెంలో ఉన్నదంతా కలిపితే రెండు గుప్పెళ్ల మట్టి. అది పూర్తయ్యేసరికి భోజనాల వేళవుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పొద్దులన్నీ ఇలా రెండు గుప్పెళ్ల చొప్పున గడిచిపోయాయి.

అది మ్యూజియం నేలమాళిగ. పైకప్పుకి ఆనుకుని ఒక వెంటిలేటర్ ఉంది, అందులోంచి చూడవచ్చేవాళ్ల బూట్లు కనిపిస్తాయి. ఈ నగరంలో చాలామందిని నికనోర్ చీలమండల దాకానే ఎరుగును. మనిషి పొట్టి, భారీ విగ్రహం. పట్టుకారు పట్టే కుడి భుజం ఎడమదానికంటే వేలెడు కిందికి దిగిపోయింది. కళ్లద్దాల కాడ విరిగితే దారం చుట్టి ఆ దారం మీద తారు రాశాడు, అది ఆరేళ్లుగా ఊడలేదు. కుడి బొటనవేలి కొస మీద ఏటవాలుగా పాత గాటు ఒకటి ఉంది. పన్నెండేళ్లప్పుడు రాతికి కరుచుకున్న అబలోనీ అనే పెద్ద సముద్రపు నత్త చిప్పని ఊడదీయబోతే కత్తి జారింది.

అక్టోబరు నెల. కొండల మీంచి వేడిగాలి దిగుతున్న మూడో రోజు. సముద్రం మైలు దూరంలో ఉండి కూడా ఎవరికీ పనికిరావడం లేదు. నేలమాళిగలో గాలి ఆడక నికనోర్ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎడమచెయ్యి ఉదయం నుంచి గుంజుతోంది. రాత్రి దాని మీద పడుకుని ఉంటాననుకున్నాడు.

తీరం పొడవునా మావాళ్లు, అంటే తెల్లవాళ్లు ఇండియన్లని పిలిచే ఇక్కడి ఆదివాసులు, తిని పారేసిన చిప్పల దిబ్బలున్నాయి. మ్యూజియంవాళ్లు వాటిని పొరలు పొరలుగా తవ్వి, పెట్టెల్లో నింపి తెస్తారు. ఏరిన ప్రతి కుప్పకీ నికనోర్ ఒక చీటీ రాసి పెడతాడు. పై అంతస్తులో టైపు చేసే ఆవిడ ఆ చీటీ చూసి అచ్చు ఫారం నింపుతుంది. ఫారంలో ఆరు గళ్లు ఉంటాయి: చోటు, పొర, పెట్టె, రకం, లెక్క, బరువు. ఏరినవాడికి ఏమనిపించిందో రాయడానికి ఏడో గడి లేదు. అయినా నికనోర్ చీటీల వెనక రాస్తూనే ఉంటాడు. ఈ ఎముక కాల్చింది కాదు ఉడికించింది, ఈ చిప్పని ఎడమచేతివాటం మనిషి పగలగొట్టాడు, ఇలాంటివి. ఫారం నిండగానే చీటీలు చెత్తబుట్టలోకి పోతాయి. ఆ సంగతి అతనికి ఉద్యోగంలో చేరిన పదో ఏటే తెలిసింది. రాయడం మాత్రం మానలేదు. అది పౌరుషమో మొండితనమో చెప్పడం కష్టం.

పళ్లెం మధ్యలో మిగిలినవాటికి ఫారంలో 'మిగతావి' అని పేరు. తారు ముక్కలు అందులోకే పోతాయి. అలాంటి పెట్టెలు అరవై దాకా గోడవారన పేరుకుపోయాయి. పైవాళ్లకి చోటు కావాలట. మూడింటికి సేకరణల అధికారి డాక్టర్ ప్రూయిట్ వచ్చి జాబితా మీద సంతకం పెడతాడు, నాలుగింటికి లారీ వస్తుంది, ఆ పెట్టెల్ని ఊరి చెత్తగుంటలో బోర్లిస్తారు. సోమవారమే ఈ మాట చెప్పారు. అప్పటి నుంచి నికనోర్‌కి అన్నం సయించడం లేదు.

అరవైలో అతనికి కావలసింది ఒక్కటే, నలభై ఏడో పెట్టె. అందులో రేగిపండుకంటే కాస్త పెద్దదైన తారుముద్ద ఉంది. తొమ్మిదేళ్ల కిందట దొరికింది. ఒకవైపు నున్నగా బోడిగా ఉంటుంది. రెండోవైపు చూస్తే, రెండు పలకల అంచులు ఒకదానికొకటి ఆనిన చోట తారు లోపలికి దిగి, ఆ అంచుల ఆకారమంతా పట్టేసుకుంది. చెక్క ఈనెలు కనిపిస్తాయి. అడ్డంగా నాలుగు తాడు పేటల గీతలు కూడా ఉన్నాయి. పలకల్ని కుట్టిన తాడు అది. చెక్కా తాడూ ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి, వాటి గుర్తు తారు దాచుకుంది.

మావాళ్లు పడవని తొమోల్ అంటారు. సముద్రం ఒడ్డుకి తోసిన ఎర్రచెక్క దుంగల్ని పలకలుగా చీల్చి, రాతిమొనతో బెజ్జాలు వేసి, తాడుతో కుట్టి, ఒడ్డున నేలలోంచి ఊరే తారుని అతుకుల్లో నింపుతారు. తారు లేకపోతే అది పడవ కాదు, జల్లెడ. ఆ పడవల మీదే ఎదురుగా కనిపించే దీవులకి పోయొచ్చేవాళ్లు, నడిసముద్రంలో కత్తిచేపల్ని కొట్టేవాళ్లు. ఎప్పటినుంచి అన్నదే తగవు. పదమూడు వందల ఏళ్లని డాక్టర్ ప్రూయిట్ పుస్తకం రాశాడు. అంటే దిబ్బలో నాలుగో పొర. అంతకు కిందంతా రెల్లు కట్టలు కట్టుకుని ఒడ్డువారన తేలినవాళ్లేనని ఆయన సిద్ధాంతం. తారుకి వయసు కట్టలేరు, పక్కనున్న బొగ్గుకే కట్టాలి. ఈ ముద్ద పక్కన దొరికిన బొగ్గు వయసు పంతొమ్మిది వందల ఏళ్లు. ముద్ద దొరికింది ఎనిమిదో పొరలో.

దొరికిన రోజునే నికనోర్ దాన్ని పైకి పట్టుకెళ్లాడు. డాక్టర్ దాన్ని కాయితం మీద ఉంచి పెన్సిలుతో ఒకసారి పొర్లించాడు. "బుట్ట తారు. నీళ్ల బుట్టలకి లోపల తారు పూసేవాళ్లు కదా, మీకు నేను చెప్పాలా?" అన్నాడు.

"బుట్టకి పలక అంచులు ఎక్కణ్ణించి వస్తాయండీ?"

"సరే, పడవ తారే అనుకుందాం. పై పొరది. ఎలుక బొరియలోంచి కిందికి జారుంటుంది."

దిబ్బల నిండా నేలెలుకల బొరియలున్న మాట నిజమే. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో నికనోర్ ఏది అడిగినా జవాబు ఆ ఎలుకే. ఆ ఎలుక మాటకున్న విలువ తన మాటకి లేదని అతనికి ఆ రోజు ఒళ్లు మండింది. కిందికి వచ్చి, ముద్దని 'మిగతావి'లో వేసి, చీటీ వెనక 'పడవ' అని రాశాడు.

పన్నెండున్నరకి వెనక గుమ్మం దగ్గర అక్క పెర్ఫెక్తా కారు హారన్ మోగింది. అతనికంటే ఐదేళ్లు పెద్దది, ఒంటరిది, చక్కెర జబ్బుది. నోరు మాత్రం ఆరోగ్యంగా ఉంది. రోజూ టోర్టియా రొట్టెలో చిక్కుడుగింజలు చుట్టి తెస్తుంది. ఇద్దరూ మెట్ల నీడలో కూర్చుని తింటారు.

"గుండె మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"అబద్ధం చెప్పినప్పుడల్లా కళ్లద్దాలు సర్దుకుంటావు, చిన్నప్పట్నించీ. ఇదిగో, నా ముందు మింగు."

మింగాడు. పెర్ఫెక్తా అతని మొహంలోకి పరీక్షగా చూసింది. "రంగు బాగాలేదురా. ఇవాళ ఇంటికొచ్చెయ్యరాదూ? ఎవడో ఎప్పుడో తిని పారేసిన ఎంగిలి ఏరడం సాయంత్రం దాకా ఆగలేదా?"

"మనవాళ్లదేగా ఎంగిలి."

"అదే నేననేది. తిన్నది మనవాళ్లు, పుస్తకాలు రాసుకున్నది వాళ్లు, మధ్యలో నడుం వంగింది నీకు. మొన్న చావింట్లో ఏమన్నారో తెలుసా? నికనోర్ మనవాడా మ్యూజియంవాడా అని. నేనేం చెప్పాలి?"

"ఏం చెప్పావు?"

"ముప్పై ఏళ్ల కిందటే అడగాల్సింది, ఇప్పుడు వాడికే తెలీదని చెప్పా."

నికనోర్ నవ్వబోయి ఆగాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టయింది. "అక్కా, పడవ తారు గురించి మకారియో మామ చెప్పింది గుర్తుందా?"

"గుర్తులేకేం. నువ్వు వేలు కోసుకున్నది కూడా ఆయన కత్తితోనేగా. నా లంగా అంచు చింపి కట్టు కట్టాను, దానికి అమ్మ నన్ను తిట్టింది." ఆమె లేచి లంగాకంటిన దుమ్ము దులుపుకుంది. "ఐదింటికి వస్తా. మెట్ల మీద ఉండు, నన్ను ఆ గోతిలోకి దింపకు."

మేనమామ మకారియో రేవులో చేపల పడవలకి చిల్లులు పూడ్చేవాడు. ఆయన తాత తొమోల్ కట్టినవాడు. పడవలు పోయాయి, తారు పాళ్లు మాత్రం ఇంట్లో మిగిలాయి. బుట్టకి ఒట్టి తారు చాలు. పడవ తారులో పైన్ చెట్టు బంక కలిపి కాచాలి, లేకపోతే ఎండకి కారుతుంది, చలికి పెళుసెక్కుతుంది. పాకం కుదిరిందో లేదో తెలియాలంటే చిన్న ముద్ద తీసి, వెచ్చజేసి, బొటనవేలితో నొక్కాలి. ఒట్టి తారైతే వేలికంటుకుని సాగుతుంది. బంక కలిసిందైతే వేలిని శుభ్రంగా వదిలేసి, గీత గీతా ముద్ర నిలుపుకుంటుంది. ముద్ర నిలవని తారు పూసిన పడవని మామ నీళ్లలో దించనిచ్చేవాడు కాదు.

నికనోర్ కిందికి వచ్చి నలభై ఏడో పెట్టె తెరిచాడు. ముద్దని తీసి దీపం కింద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. తొడుగు లేకుండా వస్తువుని ముట్టుకోకూడదన్నది నేలమాళిగలో మొదటి నియమం. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ రెండు దాటింది. ఇంకో రెండు గంటల్లో ఇది చెత్తగుంటలో ఉంటుంది. ఈలోగా ఎవరికోసమో కాదు, తనకోసం తెలుసుకోవాలనిపించింది. బుట్టదైతే తొమ్మిదేళ్లు పొరబడ్డానని ఒప్పుకుని మనశ్శాంతిగా ఇంటికి పోవచ్చు.

దీపాన్ని బాగా కిందికి వంచాడు. బోడివైపు పైకి ఉండేలా పెట్టాడు. వేడికి తారు నల్లగా మెరవడం మొదలైంది, చిన్నప్పటి రేవు వాసన వచ్చింది. తొడుగు తీసి బొటనవేలిని మెల్లగా ఆనించి, నొక్కి, ఎత్తాడు.

తారు వేలిని వదిలేసింది. వేలికి మచ్చయినా అంటలేదు.

ఒక్క క్షణం పాటు నికనోర్ మనసు నిండిపోయింది. బంక ఉంది. పంతొమ్మిది వందల ఏళ్ల కిందట ఎవరో సరైన పాళ్లలో కాచారు, ఇది పడవదే, సందేహం లేదు. ఆ మాట గట్టిగా ఎవరితోనైనా చెప్పాలనిపించి తలెత్తితే ఎదురుగా పెట్టెలు. మళ్లీ తల దించి చూస్తే తారు మీద తన బొటనవేలు, ఏటవాలు గాటుతో సహా, అచ్చుగుద్దినట్టు కనిపించింది. సాక్ష్యం దొరికిందీ తనకే, దాన్ని పాడుచేసిందీ తనే. ఇక దీన్ని ఎవరి ముందు పెట్టినా మొదట కనిపించేది అతని తప్పే.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. డాక్టర్ ప్రూయిట్ పావుగంట ముందే వచ్చాడు. సన్నటి పొడుగాటి మనిషి, వేడికి మొహం జేవురించి ఉంది.

"ఏవీ కాయితాలు, నికనోర్? సంతకాలైపోతే లారీవాళ్లతో గొడవుండదు." కలం తీసి నిలబడే సంతకాలు పెట్టసాగాడు. నాలుగో కాయితం దగ్గర కళ్లు దీపం కిందికి పోయాయి. కలం ఆగింది. "ఇదేంటి?"

"నలభై ఏడో పెట్టెలోదండీ. తొమ్మిదేళ్ల కింద మీకు చూపించాను."

"నాకా? ఇలాంటిది చూసుంటే నాకు గుర్తుండదా?" భూతద్దం అందుకుని వంగాడు. చాలాసేపు ఊపిరి బిగబట్టి చూశాడు. "వేలిముద్ర. నికనోర్, ఇది మనిషి వేలిముద్ర."

"డాక్టర్ గారూ, అది..."

"ముట్టుకోకండి. చేతులు వెనక్కి పెట్టుకోండి." పట్టుకారుతో ముద్దని తిప్పాడు. అప్పుడు, తొమ్మిదేళ్ల తర్వాత, రెండోవైపు ఆయన కంటపడింది. "పలక అంచు. ఇదిగో రెండో పలక. ఇవి తాడు పేటలు. అతుకులోకి తారు నింపి వేలితో అదిమాడు. ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ చూడలేదా?"

"చూశామండీ."

"ఏ పొర?"

"ఎనిమిది." అక్కడితో ఆగుదామనుకున్నాడు, ఆగలేకపోయాడు. "ఎలుక బొరియలోంచి జారుంటుందేమోనండీ."

"ఎలుకలు తారు అదమవు," అని డాక్టర్ నవ్వాడు. సంతోషంతో ఆయన వయసు తగ్గినట్టయింది. "కింది పొరల్ని మళ్లీ చూడాలని నేను ఎప్పట్నించో అంటున్నాను. ఎనిమిదో పొర పెట్టెలన్నీ ఆపేయండి. లారీకి నేను ఫోన్ చేస్తా, ఫోటోగ్రాఫర్ని కూడా పిలుస్తా. దీపం తీసేయండి, తారు కరుగుతుంది."

ఆయన మెట్లెక్కడానికి నిమిషం పట్టింది. అందులో సగం సేపు నికనోర్ నోరు తెరిచే ఉంది. ఆ ముద్ర నాది అన్న మూడు మాటలు నాలుక మీదే ఉన్నాయి. చెబితే ముద్ద తిరిగి పెట్టెలోకి, పెట్టె లారీలోకి పోతాయి. చెప్పకపోతే ఎనిమిదో పొర మొత్తం బతుకుతుంది. నిజాన్ని తొమ్మిదేళ్లు చూపిస్తే ఎవరూ చూడలేదు. పొరపాటుని చూడమని అడగకుండానే చూశారు. పైన తలుపు మూసుకుంది.

దీపం ఆర్పాడు. పళ్లెంలో సగం మట్టి ఇంకా మిగిలి ఉంది, దాని ముందు కూర్చున్నాడు. చిప్ప ఎడమకి, ఎముక కుడికి. నాలుగు ముక్కలయ్యాక పట్టుకారు కింద పెట్టేశాడు. ఇవాళ కాకపోతే రేపు, ఇంకో పదేళ్లకైనా సరే, ఎవరో ఒకరు ఈ గీతల్ని పెద్దవి చేసి చూస్తారు, ఇది నిన్నటి వేలని పట్టేస్తారు. ముసలి ఇండియన్ దొంగసాక్ష్యం పుట్టించాడంటారు. ముద్రతో పాటు రెండోవైపుని కూడా విసిరేస్తారు. అప్పుడిక ఎనిమిదో పొరలో తొమోల్ అన్న మాట నోరెత్తి అనడానికి ఎవడికీ మొహం ఉండదు. పరువు తనదొక్కడిదైతే పోనీ అనుకునేవాడు.

ఒక చీటీ తీసుకున్నాడు. ముందువైపు ఎప్పట్లాగే రాశాడు. తారు, ఒకటి, పొర ఎనిమిది, పెట్టె నలభై ఏడు. వెనక్కి తిప్పి, ప్రతి అక్షరం దిద్ది రాశాడు. 'వేలిముద్ర నాది. మధ్యాహ్నం దీపం వేడికి పెట్టి, బంక కలిసిందో లేదో పరీక్షించాను. కలిసింది. తొడుగు లేకుండా ముట్టుకున్నది నా తప్పు. రెండోవైపు మాత్రం వాళ్లది.' కింద పూర్తి పేరు రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో చీటీ మీద పేరు రాయడం అదే మొదటిసారి. మడిచి ముద్దతో పాటు చిన్న డబ్బాలో పెట్టి, డబ్బాని పైకి పంపే బల్లమీద ఉంచాడు. ఐదు నిమిషాల తర్వాత ఫోటోగ్రాఫర్ వచ్చి దాన్ని పట్టుకెళ్లాడు.

నికనోర్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఎడమచెయ్యి గుంజడం మానేసింది, బరువుగా మాత్రం ఉంది. కళ్లద్దాలు తీసి పళ్లెం పక్కన పెట్టాడు. వెంటిలేటర్లో ఎవరో పిల్ల ఎర్ర చెప్పులు కాసేపు నిలబడి వెళ్లిపోయాయి. అతను తల వెనక్కి ఆనించాడు.

ఐదింటికి పెర్ఫెక్తా హారన్ కొట్టింది. మెట్ల మీద ఎవరూ లేరు. మళ్లీ కొట్టింది. తిట్టుకుంటూ, గోడ పట్టుకుని, ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి నేలమాళిగలోకి దిగింది. తమ్ముడు కుర్చీలో నిద్రపోతున్నట్టున్నాడు. కళ్లద్దాలు అతని మొహానికి పెట్టబోతే చెంప తగిలింది, ఊపిరి తగల్లేదు, చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కనున్న బోర్లించిన పెట్టె మీద కూర్చుని, ఎవరినీ పిలవకుండా, అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు ఉండిపోయింది.

ఫోటోలయ్యాక ముద్దనీ మడిచిన చీటీనీ అలాగే డబ్బాలో పెట్టి పంపారు, నాలుగో రోజున టైపు చేసే ఆవిడ దాన్ని తెరిచింది. చోటు, పొర, పెట్టె, రకం, లెక్క, బరువు. ఆరు గళ్లూ నింపింది. చీటీని, మిగతా చీటీల్లాగే, తిప్పి చూడకుండా బుట్టలో వేసింది. ఆవిడ తప్పేమీ లేదు, ఫారం అలాంటిది. డాక్టర్ ప్రూయిట్ పాత పుస్తకాన్ని సవరించి కొత్తది రాశాడు. అందులో కృతజ్ఞతలు రెండు పేజీలున్నాయి. ఫోటోగ్రాఫర్ పేరుంది. ఏరినవాడి పేరు లేదు.

మరుసటి సెప్టెంబరులో పై అంతస్తులో ఆ ముద్దకోసం ప్రత్యేకంగా ఒక అద్దాల పెట్టె పెట్టారు. ఒక గురువారం జనం పలచగా ఉన్నప్పుడు పెర్ఫెక్తా వెళ్లింది. కింద ఇత్తడి రేకు మీద రాసి ఉంది: 'పడవ కట్టినవాడి వేలిముద్ర. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల నాటిది. ఆ మనిషి పేరు మనకి ఎప్పటికీ తెలియదు.' ఆమె కళ్లద్దాలు మార్చుకుని, అద్దానికి రెండు చేతులూ ఆనించి వంగింది. గీతల మీదుగా ఏటవాలుగా ఒక గాటు పోయింది. లంగా అంచు చింపి తను కట్టు కట్టిన గాటు. ఆమెకి ఒళ్లంతా కోపంతో కాలిపోయింది.

"అద్దం మీద చేతులు పెట్టకూడదమ్మా," అన్నాడు కాపలావాడు.

"అది మా తమ్ముడి వేలు."

కాపలావాడు మర్యాదస్తుడు. ఆమె మొహం చూసి, రేకు వైపు చూసి, తల ఊపాడు. "అవునమ్మా. మీవాళ్లదేనని అందరికీ చెబుతూనే ఉన్నాం."

"బతికున్నన్నాళ్లూ పేరు వెయ్యలేదు," అంది పెర్ఫెక్తా. "చచ్చాక పేరు తెలీదని రాశారు."

అతనికి అర్థం కాలేదు. కుర్చీ తెచ్చివ్వమంటారా అని అడిగాడు. ఆమె అక్కర్లేదంది. అద్దం మీద తన చేతుల చెమట ఆరిపోయేదాకా అక్కడే నిలబడి, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

అద్దం వెనక, తెల్లటి మెత్త మీద, వేలిముద్ర ఉన్న వైపు పైకీ పలకల అంచులున్న వైపు కిందికీ పెట్టి ఉంది తారుముద్ద.